సున్నం గోడల బ్యాంకు

మా ఫ్లాటులో గోడకు మేకు దిగదు. పోయిన ఆదివారం మూడు మేకులు వంచి, బొటనవేలు నలగ్గొట్టుకున్నాక, క్యాలెండరును సోఫాలో కూర్చోబెట్టాను. ఇంటికి ఎవరొచ్చినా దాని పక్కనే కూర్చుంటున్నారు.

బ్యాంకులో ఈ బాధ లేదు. నరసరావుపేటలో మా బ్రాంచి ఉన్న కట్టడం తెల్లదొరల నాటిది. పత్తి వ్యాపారులు కొందరు కలిసి, సొంతంగా బ్యాంకు పెట్టుకుందామని కట్టించారట. వాళ్ల బ్యాంకు మునిగింది, కట్టడం మిగిలింది. రెండు మూరల మందాన గోడలు, వాటికి పిడుగురాళ్ల సున్నం, వరండాలో గుండ్రటి లావుపాటి స్తంభాలు, కింద మాచర్ల నాపరాళ్లు. పైన టేకు దూలాలు, వాటి మీద ఇటుకలు, ఆపైన రోజుల తరబడి కొయ్య పలకలతో కొట్టి కొట్టి గట్టిపరిచిన సున్నం. ఎండాకాలంలో మాచవరం వైపు నుంచి వచ్చిన రైతులు పనయ్యాక కూడా ఆ నాపరాళ్ల మీద నడుం వాల్చేవారు. కొందరికి అసలు పనే ఉండేది కాదని నా అనుమానం. నా సర్వీసులో నేను కళ్లారా చూసిన కస్టమర్ సంతృప్తి అదొక్కటే.

ఆ కట్టడం ఇప్పుడు ఒక పెద్దావిడది. నాకు అత్తయ్య వరస. కొన్నేళ్ల కిందట మిద్దె కారుతుంటే, సున్నం కొట్టించే తిప్పలెందుకని ఆవిడ పైన మందంగా సిమెంటు పూయించింది. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న పల్నాడులో ఏ రోగానికైనా మందు అదే. పూత పైకి బాగానే ఉంది. సందుల్లోంచి దిగిన నీళ్లు మాత్రం ఆరే దారి లేక లోపలే ఉండిపోయాయి. దూలాల కొసలు మెత్తబడ్డాయి. ఈ వానలకు క్యాషు కౌంటరు మీద పెద్ద పెచ్చు ఊడిపడింది. దసరాలోగా కప్పు బాగు చేయించకపోతే ఖాళీ చేస్తామని మా పైఆఫీసు చెప్పేసింది. ఖాళీ చేస్తే పడగొట్టి కాంప్లెక్సు కట్టడానికి ఒకాయన సిద్ధంగా ఉన్నాడు. మా స్టాఫులో ఎవరికీ దిగులు లేదు. కొత్త చోట ఏసీ ఉంటుందట.

నిన్న సాయంత్రం మళ్లీ ఆవిడ దగ్గరికి వెళ్లాను. చెప్పిందే చెప్పి నాకే విసుగొచ్చింది, ఆవిడకు రాదా? అరుగు మీద మిరపకాయలకు తొడిమలు తీస్తోంది.

"అత్తయ్యా, ఆ సిమెంటు తీయించి మళ్లీ సున్నం కొట్టిద్దాం. పుచ్చిన దూలాలు మారిస్తే చాలు, ఇంకో వందేళ్లు ఉంటది."

"ఎవురు, నేనా?"

"బిల్డింగు."

"సున్నం కొట్టేవోళ్లు ఏడున్నార్రా అల్లుడూ? చానామందిని అడిగా. మేస్త్రేమో ఇంకో పూత సిమెంటు ఎయ్యమంటన్నాడు."

"అదే వద్దంటున్నా. సున్నమైతే తడి పీల్చుకుని మళ్లీ బయటికి వదిలేస్తది."

"వదిలిందిగా, మీ కౌంటరు మీద."

నేను తగ్గలేదు. వరండా చల్లదనం చెప్పాను, స్తంభాల అందం చెప్పాను. ఆవిడ తొడిమలు తీస్తూనే ఉంది. ఇక మిగిలింది మేకు.

"ఆ గోడకి రెండు దెబ్బలు కొడితే మేకు దిగుద్ది అత్తయ్యా. మా ఫ్లాటులో మూడు వంగినయ్యి."

ఆవిడ మిరపకాయ పక్కన పెట్టి, కట్టు కట్టిన నా బొటనవేలి వైపు చూసింది.

"నువ్వు మటుకు సిమెంటు ఫ్లాటు కొనుక్కుని, నన్ను సున్నం కొట్టించమంటావేందిరా?"