పీచు తీసేయగా మిగిలింది

మా మేనత్త పోయిందని మొన్న తెల్లవారుతుండగా నరసన్నపేట నుంచి ఫోన్ వచ్చింది. కిడ్నీలు పాడయ్యాయని ఏడాదిగా తెలిసిందే.

వరి పండించే ఇల్లు వాళ్లది. మూడు పూటలా అన్నమే. షుగర్ ముదిరి మావయ్యకు కాలు తీసేశారు. ఆ పుండు మానకుండానే ఆయన పోయాడు. కర్మలయ్యాక పరీక్ష చేయిస్తే అత్తకూ షుగరేనని తేలింది. శ్రీకాకుళంలో డాక్టరు మందులు రాసి, అన్నం బాగా తగ్గించమన్నారు. తినేదాంట్లో పిండిపదార్థం ఎంతుందో చూసి, అందులోంచి పీచు తీసేసి, మిగిలినదాన్నే లెక్కలోకి తీసుకోవాలని అక్కడి నర్సు నేర్పింది.

అత్త ఆ లెక్కను వదల్లేదు. "పీసు ఒంటికి పట్టదంట. అది తీసీగా మిగిలిందే మీ మావని తినీసింది" అనేది. సొంత పొలం బియ్యం వండి అందరికీ వడ్డించి, తను మాత్రం తోటకూర, గుడ్డు పెట్టుకుని కూర్చునేది.

ఒకసారి బజారులో అత్తకని, చక్కెర లేదని రాసున్న బిస్కెట్లు కొనబోయాను. పొట్లం వెనకనున్న అంకెలు నాచేత చదివించుకుంది. పీచు లేనట్టే, అంతా మైదా.

"తీపి లేదన్నాడు గానీ, పిండి లేదన్నాడేటే పిల్లా?" అని పొట్లం తిరిగి ఇప్పించేసింది.

ఒక పెళ్లిభోజనాల్లో అత్త అన్నం వద్దంటే పక్కనున్న పెద్దాయన నవ్వాడు. "అన్నం తినని రైతులేటమ్మా?"

"మా ఆయన్ని అడుగు, సెప్తాడు" అంది అత్త.

షుగర్ అదుపులోకొచ్చింది. కానీ పాదాలు వాచాయి. షుగర్ సంగతి తెలియకముందే కిడ్నీలకు దెబ్బ తగిలిందన్నారు డాక్టరు. "మరి ఇన్నాళ్లూ నాను నోరు కట్టుకున్నది ఎందుకు?" అని ఒక్కసారే అడిగింది. ఆ తర్వాత చుట్టాలందరినీ పట్టుకెళ్లి పరీక్షలు చేయించింది. నా షుగర్ మొదట్లోనే బయటపడిందంటే అది ఆమె చలవే.

ఆఖరికి డయాలసిస్‌కూ ఒళ్లు తట్టుకోలేదు. ఇష్టమైంది పెట్టండి అన్నారు డాక్టర్లు. అత్త కూతురు వేడన్నం, ఎండుచేపల కూర ఆసుపత్రికి తెచ్చింది. మూత తీయగానే అత్త ముందుకు వంగి, ఆ ఆవిరిని గుండెల నిండా పీల్చుకుంది. ముద్ద నోటిదాకా తెస్తే తల అడ్డంగా ఊపింది.

"నాకు దిగదే. మీరు తినండి. నాను సూత్తాను."

మంచం పక్కన కూర్చుని నేనూ, ఆమె కూతురూ తిన్నాం. అత్త మా చేతులనే చూస్తోంది. మేం నములుతుంటే ఆమె పెదవులు కూడా మెల్లగా కదులుతున్నాయి.