అన్న చేతి పట్టీ

ఆ ఉదయం ధర్మవరంలోని మా ఇంట్లో నలుగురం ఉన్నాం: అమ్మ, వదిన, మగ్గం మీద అన్న, నేను. అన్న చేతికి, చెమటలో మద్యాన్ని పసిగట్టే పట్టీ ఉంది. తాగుడు మాన్పించే పరిశోధన వాళ్లు ఇచ్చారు. తాగకుండా గడిపిన ప్రతి వారానికీ అమ్మ అన్నకు పూర్ణం పెట్టి ఓళిగలు చేసేది. ఎన్నడూ చుక్క ముట్టని నాకు ఆ మర్యాద లేదు.

నా ఫోన్‌లో ఆ పట్టీ లెక్క చూపే గీత ఒక్కసారిగా పైకి లేచింది. నాకు లోలోపల సంతోషమేసింది.

"నీ పెద్దకొడుకు మళ్లా తాగినాడు చూడుమ్మా!" అని అరిచాను. వదిన ఏడుపు అందుకుంది.

అన్న మగ్గం ఆపాడు. "ఏమప్పా ఇంజినీరూ, పొద్దున పట్టీని స్పిరిట్‌తో తుడిచి కట్టింది నువ్వే కదప్పా?"

నీళ్లతోనే తుడవమని పరిశోధన వాళ్లు ముందే చెప్పారు.

అన్న తాగక అది నలభై ఒకటో రోజు. అందులో నేను అతన్ని మెచ్చుకున్న రోజులు సున్నా.