ఐసు పెట్టెలో ఫోను

నా ఫోనుకు ఆకలెక్కువ. పొద్దున్నే నిండుగా చార్జింగ్ పెట్టి బయలుదేరినా, బండి మీద ఊరూరా చేపలమ్మే నాకంటే ముందే అలసిపోయి మధ్యాహ్నానికి పడుకునేది.

మొగల్తూరులో ఫోన్లు బాగుచేసే అతనికి చూపించాను.

"వేడి తగలనివ్వకండి బాబాయ్. వెలుతురు తగ్గించండి" అన్నాడు.

వెలుతురు ఎంత తగ్గించానంటే, ఎవరు చేశారో తెలియాలంటే ఫోనెత్తి "ఎవరండీ?" అని అడగాల్సిందే. మిగిలింది వేడి.

ఆ రోజు మా అమ్మాయి పాలిటెక్నిక్ సీటుకు ఆప్షన్లు పెట్టడానికి ఆఖరి రోజు. తను నరసాపురంలో నెట్ సెంటర్‌లో కూర్చుంది. ఓటీపీ వచ్చేది నా ఫోనుకు.

"రాగానే చదివి చెప్పు నాన్నా. ఐదింటికి సైటు మూసేస్తారు" అంది అక్కడి నుంచి ఫోను చేసి.

"నువ్వు కుర్చీ వదలకు. నంబరు నీ ఒళ్లో వేస్తాను" అన్నాను గొప్పగా.

ఎండకు జేబులో ఫోను పెనంలా కాలుతోంది. ఏడో తరగతిలో బడి మానేసిన నాకు బ్యాటరీల గురించి ఏం తెలుసు? పాడవకూడనిది ఏదైనా ఐసులో పెట్టాలని మాత్రం తెలుసు. రెండు కవర్లు చుట్టి, బండి మీది ఐసు పెట్టెలో పండుగప్ప చేప పక్కన పడుకోబెట్టాను. అప్పటికి చార్జింగ్ అరవై ఉంది.

మూడున్నరకు ఒక టీచరు గారింటి ముందు ఆగి తీసి చూస్తే నల్లటి పలక. ఎంత నొక్కినా లేవదు.

"ఏంటండీ, ఫోన్లు కూడా తూకానికి ఇస్తున్నారా?" అన్నారావిడ.

"ఆయ్, తాజాదేనండి. ప్రాణమే లేదండి" అన్నాను. నోరు హాస్యమాడుతున్నా, వేలు బటను నొక్కుతూనే ఉంది. అమ్మాయి సంగతి చెప్పాను.

ఆవిడ నవ్వు ఆపేశారు. "చలికి బ్యాటరీ మొద్దుబారుతుందండీ. తుడిచి, వెచ్చబడనివ్వండి."

వాళ్ల అరుగు మీద కూర్చుని, ఫోనును చొక్కా లోపల పొట్టకు ఆనించుకున్నాను. నిమిషానికోసారి నొక్కడం, తిట్టడం. నాలుగున్నర దాటాక కళ్లు తెరిచింది. చూస్తే చార్జింగ్ ఇంకా యాభై ఉంది! మూడు ఓటీపీలు వచ్చి, గడువైపోయి పడున్నాయి. వెంటనే నెట్ సెంటర్ నుంచి అమ్మాయి ఫోను.

"ఎక్కడున్నావ్ నాన్నా? ఎన్నిసార్లు పంపించామో తెలుసా?"

"పెట్టెలో ఉంది..."

"ఏ పెట్టె?"

"ముందు మళ్లీ పంపించవే తల్లీ! పెట్టె సంగతి ఇంటికొచ్చాక తిడుదువుగాని."

ఈసారి వచ్చింది. నేను తగ్గించిన వెలుతురుకు ఒక్క అంకె కనబడితే ఒట్టు. తలమీద తువ్వాలు కప్పుకుని, ఆ చీకట్లో ఒక్కో అంకె చదివాను. అటువైపు కీబోర్డు చప్పుడు. అది ఆగింది.

"అయిందా?"

"ఉండు నాన్నా."

తువ్వాలు కిందే టైము చూశాను. ఐదుకు ఇంకా పది నిమిషాలే.

"ఆప్షన్లు లాక్ అయ్యాయి నాన్నా. నీ నంబరు కూడా తీసేయించాను. ఇక నుంచి అన్నీ అమ్మ ఫోనుకే వస్తాయి."

"ఆ బటన్ల ఫోనుకా?"

"నాలుగు రోజులకోసారి చార్జింగ్ పెడితే చాలు దానికి. చేస్తే ఎత్తుతుంది కూడా."

ఇంట్లో టచ్ ఫోను ఉన్నది నా ఒక్కడికే, నా నంబరే ఇవ్వాలని పట్టుబట్టింది నేనే.

"మంచి పని చేశావమ్మా" అన్నాను. నిజంగానే అన్నాను, కానీ ఆ బటన్ల ఫోనంటే కుళ్లు పుట్టింది.