గురువారం ఉప్మా

మొన్న, ఇప్పుడు మేముంటున్న ట్రాయ్‌లో ఒక స్నేహితుడింట్లో పుట్టినరోజు విందుకు వెళితే, పడవలంతేసి అల్యూమినియం ట్రేలలో వంటకాలు పరిచి, ఎవరికి కావలసింది వాళ్లు వడ్డించుకోమన్నారు. నా పళ్లెం ఖాళీ అయి అరగంటైనా "ఇంకాస్త" అన్న నాథుడు లేడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, నార్త్ డకోటా మైదానాల్లో మేం కాపురమున్న ఊరు.

మా ఆవిడ డాక్టరు. వైద్యులు దొరకని చోట కొన్నేళ్లు పనిచేయాలన్న వీసా షరతు మీద, రెండువేల మూడు ప్రాంతంలో ఆ ఊరి క్లినిక్‌కి వచ్చింది. ఉద్యోగం చేసే హక్కులేని నేను ఆవిడ సామానుతోపాటు దిగాను. ఆ నేల ఎంత చదునంటే సాయంత్రం రావలసిన చుట్టం పొద్దుటినుంచే కనిపించేవాడు. ఇక గాలి సంగతి చెబితే నమ్మరు. ఆరేసిన చీర ఎగిరివెళ్లి పక్క కౌంటీ చర్చి గంటకు చుట్టుకుందని నేనూ, పక్కింటి కంచెకేనని మా ఆవిడా ఇప్పటికీ వాదించుకుంటాం.

రైలింజన్లు నీళ్లు పట్టుకోవడానికి ఆగిన చోట పుట్టిన ఊరది. ఒకప్పుడు బ్యాంకు, బడి, బ్యాండుమేళం కూడా ఉండేవట. యంత్రాలు పెద్దవై, పొలాలు కలిసిపోయి, మనుషులు పలచబడ్డాక, మేం వెళ్లేనాటికి మిగిలినవల్లా ఆకాశాన్ని మోస్తున్నట్టుండే గోధుమల గాదె, ఒకదానితో ఒకటి అంతగా పొసగని రెండు చర్చిలు, ఆ రెంటివాళ్లూ కలిసి కాఫీ తాగే ఒకే ఒక్క కేఫ్.

ఆ కేఫ్ నడిపే ముసలావిడ మోకాళ్లు మొరాయించి మానేసింది. ఊరివాళ్లు కూడబలుక్కుని, రోజుకొక ఇల్లు చొప్పున వంతులేసుకున్నారు. ఈ చలికాలంలో ఒక్కరోజైనా మనిషి రాక ఖాళీగా పోతే తాళం వేసేయడమని షరతు పెట్టుకున్నారు. గురువారం ఎవరికీ కుదరలేదు. ఊరు మొత్తానికి పనీపాటా లేని మగవాణ్ణి నేనొక్కణ్ణే కనుక దాన్ని నాకు అంటగట్టారు.

మొదటి గురువారం, దూడకు స్నానం చేయించేంత గిన్నెలో జీడిపప్పు ఉప్మా చేశాను. అతిథి పళ్లెం ఖాళీ అయితే నింపకపోవడం మనకు తలవంపులు. పళ్లెంలో ఏమైనా వదిలేయడం వాళ్లకు అమర్యాద. మా పక్కింటి పెద్దాయన, తాడిచెట్టంత రైతు, తుడిచినట్టు తిన్నాడు, నేను వడ్డించాను. ఆయన మళ్లీ తిన్నాడు. నేను మళ్లీ వడ్డించాను. "వెరీ గుడ్," అన్నాడు చెమట తుడుచుకుంటూ. నేను పొంగిపోయి గరిటె మార్చి పెద్దది తెచ్చాను.

మధ్యాహ్నం మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఏవండీ, మీ కేఫ్‌లోంచి తిన్నగా నా క్లినిక్‌కి వచ్చి లైన్‌లో కూర్చున్నారు. అందరిదీ ఒకటే కంప్లయింట్, కడుపుబ్బరం. నా ప్రాక్టీస్ పెంచమని మిమ్మల్ని అడిగానా?"

"ఒక్కరైనా వద్దనలేదే!"

"ఎలా అంటారండీ? వదిలేస్తే మీరు ఫీలవుతారని తింటూనే ఉన్నారట పాపం!"

ఆ వారమంతా ఎవరూ నాతో ఉప్మా ఊసెత్తలేదు. మంచు గురించి మాత్రం అవసరానికి మించి మాట్లాడారు. మళ్లీ గురువారం వేకువనే హీటర్ వేసి, కాఫీ కాచి, కిటికీకి ముక్కు ఆనించి నిలబడ్డాను. రోడ్డు మీద పురుగు లేదు. పైవూరినుంచి వచ్చినవాడి మూలాన వాళ్లకు మిగిలిన ఆ ఒక్క చోటూ మూతపడుతుందని తలుచుకుంటూ, చల్లారిన ఉప్మాను మళ్లీ పొయ్యి మీద పెట్టాను.

ఎట్టకేలకు ఒక పికప్ ట్రక్కు వచ్చింది. వెనకే ఇంకొకటి, ఆ వెనక మరొకటి. అందరూ కూర్చుని, పళ్లేలు ఖాళీ చేశారు. అలవాటుకొద్దీ గరిటె ఎత్తానో లేదో, పెద్దాయన చేటంత అరచేతిని పళ్లెం మీద కప్పాడు.

"డాక్టర్స్ ఆర్డర్స్," అన్నాడు గంభీరంగా.

బల్లబల్లకీ చేతులు పరుచుకున్నాయి. ఆ నవ్వుకు కేఫ్ కప్పు మీది మంచు జారిపడింది. పడలేదని మా ఆవిడ అంటుంది గానీ, ఆవిడ అప్పుడక్కడ లేదు.

ఆ చలికాలం గడిచింది, మరికొన్ని కూడా గడిచాయి. తర్వాత మేం ట్రాయ్ వచ్చేశాం. పక్కింటి పెద్దాయన భార్య అప్పుడప్పుడు ఫోన్లో చెబుతుంటుంది: సోమవారం వంతు దంపతులు పట్నానికి మారారట, పెద్దాయన పోవడంతో వాళ్ల వంతు మంగళవారమూ పోయిందట, గురువారం మళ్లీ ఎవరూ తీసుకోలేదట. వారం అలా చిక్కిచిక్కి, ఇప్పుడక్కడ శనివారం ఒక్కటే తెరుస్తున్నారట. ఇక్కడ మాకు ఏడు రోజులూ అన్నీ తెరిచే ఉంటాయి గానీ, వాటిలో ఏ రోజూ నాది కాదు.