అవ్వ మంచెకు దొరికిన చెక్క

సాయుధ పోరాటం రోజుల్లో మా పెరట్లో వేసిన మంచెకు దొర ఉండే కోటలాంటి గడి తలుపు వాడానని నేను చాలామందికి చెప్పాను. నిలువెత్తు టేకు తలుపు, దాని నిండా ఇత్తడి బొడిపెలు. నలుగురు పట్టినా కదలనిదాన్ని ఒక్కణ్ణే భుజాన వేసుకొచ్చానని కూడా చెప్పాను. మా ఊరు మానుకోటకూ గంగారం అడవికీ మధ్య. వినేవాళ్ళు జనగామ వాళ్ళు. నమ్మారు.

గడి తలుపును నేను దూరం నుంచి చూసిన మాట మాత్రం నిజం.

అసలు సంగతి మా అమ్మది. అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. ఆమెకు దమ్ము, అంటే ఉబ్బసం. పొయ్యి పొగ నిండిన ఇంట్లో ఊపిరాడక ఎండాకాలమంతా పెరట్లో నేల మీదే పడుకునేది. మిరుగం వానలు మొదలైతే ఆ నేల బురద. ఆలోపు మంచె వేయాలి. పైకప్పుకు తాటికమ్మలున్నాయి. పడకకే ఏమీ దొరకలేదు.

టేకు ముట్టుకుంటే దొర మనుషులు దొంగతనం అంటారు. సరే, వెదురు కొట్టి మోపు తెస్తుంటే ఊరి బయట క్యాంపు దగ్గర పోలీసు ఆపాడు.

"ఏందిరా గివి? బరిసెలకా?"

"కాదు సారూ, మా అవ్వ పండుకునేతందుకు."

"మీ అవ్వ బరిసెల మీద పంటదా?"

మోపు అక్కడే ఆగిపోయింది. తెల్లారి చూస్తే వాళ్ళ క్యాంపుకు కొత్త దడి! తర్వాత వాగు నుంచి బండరాళ్ళు తెస్తే, వడిసెలలో పెట్టి విసరడానికే అని అవీ ఆపేశారు. ఒక్కోటి రోలంత ఉంది. అది విసరగలిగితే నేను దళానికి నాయకుణ్ణే అయ్యేవాణ్ణి.

ఇక మిగిలింది మా ఇంటి తలుపు, మామిడి చెక్కది. గొళ్ళెం తీసున్నా సరే, సోదాకొచ్చిన ప్రతిసారీ పోలీసులు దాన్ని తన్నే లోపలికొచ్చేవాళ్ళు. "తలుపుంటెనే గద తన్నేది, పీకేద్దాం" అన్నాను. పీకి, పెరట్లో మట్టి దిమ్మెల మీద పరిచాం. తొలి వాన పడ్డ రాత్రి అవ్వ దగ్గు వినపడలేదు.

తెల్లారి సోదాకొచ్చిన జమేదారు అలవాటు కొద్దీ కాలెత్తి తన్నాడు. తలుపేదీ? కాలు వెంబడే మనిషి కూడా వచ్చి నడింట్లో పడ్డాడు.

ఇంతవరకు రాసి మా అక్కకు చదివి వినిపించాను. ఆమె తమలపాకుకు సున్నం రాస్తూ చివరిదాకా విన్నది.

"తలుపు పీకుదామన్నది నువ్వారా? అవ్వ అన్నది, నేను పీకిన. నువ్వు పోలీసోళ్లకు భయపడి వడ్ల గుమ్మిలనే కాపురముంటివి. జమేదారు పడలే గిడలే. తలుపు లేంది చూసి, ఏం చెయ్యాల్నో తెల్వక, లోపట్కి రావచ్చునా అని అడిగిండు పాపం. పడ్డది నువ్వు, గుమ్మిలకెళ్లి కిందికి. గంత సప్పుడైనా మంచె మీద అవ్వ లేవలే, అంత నిమ్మలంగ పన్నది. గది రాయి."