ఒర్మోన్‌బెక్ బ్యాటరీ పెట్టె

పామీర్ కొండల్లోని మా ముర్గాబ్‌లో లారీలు నడిపినవాళ్లలో ఒర్మోన్‌బెక్ అంత జాగ్రత్తపరుడు లేడు. బ్రేకు చప్పుడులో తేడా వినిపిస్తే చాలు, కొండ మలుపులోనైనా సరే బండి ఆపేసేవాడు. అలాంటి మనిషి మంచం ఉన్న గదిలోనే బ్యాటరీ పెట్టుకున్నాడంటే, అది భార్య సుయుమ్‌కాన్ కోసమే.

ఆమె ఊపిరితిత్తులు చెడిపోయాయి. గాలి పలచగా ఉండే మా ఊళ్లో ఆక్సిజన్ మిషన్ లేనిదే ఆమెకు గడవదు. చలికాలం వస్తే కరెంటు ఉండేది కాసేపే. కింది ఊళ్లకు తీసుకెళ్లమని డాక్టరు చెప్పినా ఆమె కదల్లేదు. "పరాయి ఇంట్లో కూర్చుని దగ్గలేనయ్యా" అంది.

ఒర్మోన్‌బెక్ కొండల అవతలున్న ఓష్ పట్నం సంతకు వెళ్లి, పాత ఎలక్ట్రిక్ కార్ల నుంచి ఊడదీసిన లిథియం సెల్స్ తెచ్చాడు. లారీ పనిముట్లు పెట్టుకునే ఇనుప పెట్టెలో, మధ్యలో గాలి ఆడేలా సందులు వదిలి బిగించాడు. కింద చిల్లులు పెట్టి, పైన ఒక గొట్టం అమర్చాడు. కప్పు మీది సోలార్ పలకకు కలిపి, పెట్టెను ఇంటి బయట గోడకు ఆనించి పెట్టాడు.

"పాడైతే విషపు పొగ కక్కుతాయి. మనుషులు పడుకునే చోట ఉండకూడదు" అని పక్కింట్లో ఉన్న మాకూ చెప్పాడు.

అంతలో చలి ముదిరింది. నీళ్లు గడ్డకట్టే చలిలో ఛార్జింగ్ ఎక్కిస్తే ఆ సెల్స్ లోపల్లోపలే దెబ్బతింటాయి. ఆ సంగతి అతనికి తెలుసు. పెట్టెకు కంబళి చుట్టాడు. చుడితే గాలి ఆడదని విప్పేశాడు. మళ్లీ చుట్టాడు. ఒక ఉదయం చలికి బ్యాటరీ చచ్చుబడి మిషన్ ఆగిపోయింది.

"లోపలికి తెచ్చెయ్యవయ్యా" అంది సుయుమ్‌కాన్, మాటమాటకీ ఆగుతూ. "పొయ్యి ఉన్నది ఈ ఒక్క గదిలోనే కదా. నీ పెట్టెకు వేరే పొయ్యి కడతావా ఏంటి?"

"అంటుకుంటే?"

"అంటుకుంటే పొగకి పోతా. పెట్టె బయటుంటే ఊపిరాడక పోతా. ఏదైతే ఏం?"

"నోర్ముయ్యవే" అన్నాడు. అంటూనే ఏడ్చేశాడు.

పెట్టెను గదిలోకి తెచ్చి తలుపు పక్కన ఇటుకల మీద నిలబెట్టి, గోడకు కన్నం పొడిచి గొట్టాన్ని బయటికి తీశాడు. కొన్నాళ్లు మిషన్ సజావుగానే నడిచింది. కానీ చలికి దెబ్బతిన్న సెల్ ఇక బాగుపడేది కాదు. ఒక మధ్యాహ్నం అతను ఉప్పు టీ పోస్తుంటే పెట్టెలోంచి బుస్సుమని చప్పుడొచ్చింది. టీ గిన్నె వదిలేసి, సుయుమ్‌కాన్‌ను వీపున వేసుకుని మా ఇంటికి పరిగెత్తాడు.

పొగ చాలావరకు గొట్టంలోంచే పోయింది. మేం పెట్టెకు కొక్కెం తగిలించి మంచులోకి లాగేశాం. చీకటి పడేదాకా అది మండుతూనే ఉంది.

"నీ గొట్టం పనిచేసిందయ్యా" అంది ఆమె, మెచ్చుకోలుగా. అతను మొహం తిప్పుకున్నాడు.

మళ్లీ సెల్స్ తెచ్చుకుందామంటే ఓష్ దారి మంచుతో మూసుకుపోయింది. అది తెరుచుకునేలోపే సుయుమ్‌కాన్ వెళ్లిపోయింది.

మట్టి చేసిన తర్వాత ఒర్మోన్‌బెక్ ఆ మిషన్‌ను శుభ్రంగా తుడిచి, మా ఊరి ఆసుపత్రికి మోసుకెళ్లాడు.

"ఆ మూల పెట్టు తాతా" అంది నర్సు. "కరెంటున్నప్పుడు వాడతాం."

అతను సరేనని తలూపి, మిషన్‌ను ఆ మూలన దించి ఇంటికి నడిచాడు.