పన్నెండుకీ రెండుకీ మధ్య

భూకంపాల మీద పనిచేస్తానని చెప్పగానే మా పల్నాడులో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎప్పుడొస్తదమ్మా?" పాతికేళ్లుగా వింటున్నాను. ఫలానా రోజు వస్తుందని ఎవరూ చెప్పలేరండీ, వచ్చే యాభై ఏళ్లలో ఈ నేల ఎంత గట్టిగా కదిలే అవకాశం ఉందో లెక్కగట్టడమే మా పని అని మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. వినేవాళ్ల మొహాలు వాడిపోయేవి. నరసరావుపేటలో ఒక పెళ్లి పందిట్లో మా మేనమామ "అయితే నీకూ తెలవదన్నమాట!" అని అందరి ముందూ తేల్చేశాడు. నాకసలే ముక్కుమీద కోపం. ఆ పూట అక్కడ విస్తరి ముందు కూర్చోలేదు.

ఆయనన్న దాంట్లో అబద్ధమేమీ లేదు. మాకు తెలిసింది లెక్కపెట్టడం. పెద్ద భూకంపాలు ఎప్పుడో గానీ రావు. చిన్నచిన్నవి మాత్రం వస్తూనే ఉంటాయి, చాలావాటిని మనిషి ఒళ్లు గుర్తుపట్టదు. ఏటా అలాంటివి ఎన్ని వస్తున్నాయో తెలిస్తే, పెద్దది ఎన్నాళ్లకోసారి రావచ్చో ఒక అంచనా కట్టొచ్చు. కాబట్టి ఒక్క చిన్న కదలికను జాబితాలోంచి తీసేసినా అంచనా ఆ మేరకు తప్పుతుంది. ఈ సంగతి ఎంతమంది విద్యార్థులకు చెప్పానో లెక్కే లేదు.

చిక్కేమిటంటే దాచేపల్లి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, వాటికి రాయినిచ్చే క్వారీలు. క్వారీలో రాయి పేల్చినా, నేల అదురుని గీసే మా యంత్రం గీత కదిలి చస్తుంది. ఆ రోజుల్లో గురజాల వైపు ఒక బడిలో పెట్టిన యంత్రం ఒక్కటే మాకు దిక్కు. ఒక్క యంత్రంతో ఏది పేలుడో, ఏది భూకంపమో తేల్చాలంటే ఒక్కో గీత దగ్గర గంటలకొద్దీ కూర్చోవాలి. అంత తీరికెవరికుంది? క్వారీల్లో కూలీలు అన్నానికి వెళ్లాక, గుంత ఖాళీ చేయించి, సైరన్ కొట్టి పేలుస్తారని నాకు తెలుసు. అందుకని నేనే ఒక రూలు పెట్టాను. మధ్యాహ్నం పన్నెండుకీ రెండుకీ మధ్య ఆ దిక్కునుంచి ఏది వచ్చినా పేలుడే. జాబితా ప్రింటు తీసి, ఆ వేళల్లో ఉన్న వరుసల మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టి, పక్కన "బ్లాస్ట్" అని రాసేదాన్ని. ఒక నెల జాబితా ముగించేసరికి టీ కూడా చల్లారేది కాదు. బయటనుంచి వచ్చినవాళ్లకి ఇలాంటివి తట్టవు, ఆ ప్రాంతపు మనిషిని కాబట్టి నాకు తట్టింది అని ఎంత పొంగిపోయానో! ఆ జాబితాతోనే, ముప్పు ఎక్కువున్నచోట ముదురు రంగు వేసి పల్నాడు ప్రమాద పటం తయారుచేశాను. మంచి పేరొచ్చింది.

రెండేళ్ల కిందట ఒక ఉదయం గురజాల దగ్గర ఊళ్లలో నేల కొద్దిగా అదిరింది. ఎవరికీ ఏమీ కాలేదు. అలాంటప్పుడు మేం ఫారాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాం. పైనున్న గిన్నెలు పడ్డాయా, గొడ్లు బెదిరాయా, నిలబడినవాళ్లకి తూలినట్టనిపించిందా, ఇవన్నీ అడిగి రాసుకుంటాం. నాలుగో ఊళ్లో ఒక రైతు ఇంటి ముందు మంచం మీద పెద్దాయన, గడప దగ్గర ఆయన భార్య కూర్చుని ఉన్నారు. కొడుకు మోటారుసైకిల్ తుడుచుకుంటున్నాడు. నేనెవరో చెప్పి ఫారం తీయగానే పెద్దాయన పకపకా నవ్వాడు.

"భూకంపాలా? మా ఇంట్లోనే ఒకటుంది గదమ్మా! ఏమే కోడలా, ఇట్రా, నీ కోసం ఆఫీసరమ్మ వచ్చింది."

లోపల్నుంచి ముప్పై అయిదేళ్ల మనిషి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మొహంలో నవ్వు లేదు. అత్తగారు నా వైపు తిరిగి, "దాన్ని ఊరంతా భూకంపం అనే పిలుస్తారులే తల్లీ. ఏడేళ్లయింది. శివరాత్రికి మేమంతా కోటప్పకొండ పోతే, ఇంటి కాడ పెయ్యదూడని చంపుకుని, భూమి ఊగిందని కథ చెప్పింది" అంది.

"కథ గాదు" అంది కోడలు. గట్టిగా కూడా అనలేదు.

నాకు ఒళ్లు మండింది. "మీరు కాసేపు ఆగండి పెద్దమ్మా, ఆమెను చెప్పనివ్వండి" అన్నాను. తర్వాత ఆమె నిలబడే చెప్పింది. ఊరు ఊరంతా ట్రాక్టర్లు కట్టుకుని తిరనాళ్లకు పోయింది. చూడి గేదె ఉందని ఈమెను ఇంటి దగ్గర వదిలారు. పొద్దున్నే గేదె ఈనింది, పెయ్యదూడ. మధ్యాహ్నం చావిట్లో దూడ పక్కన కూర్చుని ఉంటే నేల కదిలింది.

"ముందు కింద లారీ పోయినట్టు గడగడమందండి. అది ఆగకముందే పక్కకి ఊపింది, చానా గట్టిగా. నేను బయటికి పరిగెత్తా. పైన కప్పుకేసిన నాపరాయి జారి దూడ మీద పడింది. అరిచా. ఈదిలో పలికేవాళ్లే లేరు. వీళ్లు వచ్చాక చెప్తే, గేదె గుంజని తన్నుంటది, నువ్వు యాడ తొంగున్నావో అన్నారు."

"పేలుడేమోనని అనుకోలేదా?"

"ఈ ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని. క్వారీ మోత నాకు తెలవదా మేడం?"

కొడుకు తుడిచే గుడ్డ పక్కన పడేసి, "ఇంక చాల్లే, లోపలికి పో" అన్నాడు. ఆమె కదల్లేదు. "దూడ పోతే పోయింది మేడం. ఆనాటి నుంచి నేనేం చెప్పినా నమ్మరు. పోయినేడు కడుపునొప్పి అంటే, ఆఁ, భూకంపం గూడా వచ్చిందిగా అని నవ్వారు. మూడోనాడు కళ్లు తిరిగి పడ్డాక నరసరావుపేట తీసకపోయారు. ఇంకో పూటయితే దక్కేదాన్ని గాదని డాక్టరే అన్నాడు. ఆ రోజు భూమి ఊగిందో లేదో మీ మిషన్లో ఉంటదా? ఉంటే ఒక్కసారొచ్చి వీళ్లకి చెప్పండి. నాకింకేం వద్దు."

ఏ ఏడాది అని అడిగాను. పెద్దపిల్లని ఒకటో తరగతిలో వేసిన ఏడంది. ఆ పిల్ల ఇప్పుడు ఎనిమిదో తరగతి. చూసి చెబుతానన్నాను. ఆమె మాటలో గడగడ ముందు, ఊపు తర్వాత వచ్చాయన్నది దారంతా నన్ను వదల్లేదు. పేలుడైతే మొదటి దెబ్బే పెద్దది, వెనక ఉండేది తక్కువ. భూకంపమైతే ముందు చిన్న కుదుపు వచ్చి, దాని వెనకాల పక్కకి ఊపే పెద్ద కుదుపు వస్తుంది. పుస్తకం ముట్టని మనిషి దాన్ని ఉన్నదున్నట్టు చెప్పింది.

మర్నాడు ఆఫీసులో పాత ఫైలు తీశాను. ఆ ఏడు శివరాత్రి, పన్నెండూ నలభై. వరుస ఉంది. దాని మీద ఎర్ర గీత, పక్కన నా గుండ్రటి చేతిరాతలో "బ్లాస్ట్". అయినా అప్పటికీ నా రూలుని వెనకేసుకొచ్చే బుద్ధి పోలేదు. శివరాత్రయినా పేల్చారేమోనని, అక్కడి క్వారీలో అప్పుడు పేలుళ్ల పని చూసుకున్న మేస్త్రీకి ఫోన్ చేశాను.

"శివరాత్రికి పేలుడేంది మేడం!" అని నవ్వాడు. "మందు గది తాళం గూడా తియ్యం. ఒక్క కూలీ ఉండడు గదా, అందరం కొండ మీదే. మీరు మా పక్క మనిషి గాదా ఏంది?"

తల కొట్టేసినట్టయింది. చిన్నప్పటినుంచి ఆ తిరనాళ్లకు వెళ్లినదాన్ని. ఆ రోజు పల్నాడులో ఏ పనీ జరగదని నాకు ఒకరు చెప్పాలా? గంటల్ని బట్టి ఏరాను గానీ, పక్కన పంచాంగం పెట్టుకుని ఒక్కసారి చూడలేదు. గీతను పెద్దది చేసి చూస్తే ఆమె చెప్పిందే ఉంది. ముందు చిన్నది, వెనక పెద్దది.

ఆ తర్వాత ఎనిమిది నెలలు కూర్చుని, నేను కొట్టేసిన వరుసలన్నీ మళ్లీ తెరిచాను. సంక్రాంతి, ఉగాది, ఎలక్షన్ రోజులు, క్వారీలు సమ్మె చేసిన వారాలు. వాటిలో మరికొన్ని భూకంపాలు బయటపడ్డాయి. లెక్క మారింది, పటంలో పల్నాడు రంగు ఒక మెట్టు ముదిరింది. "పాతవి ఎందుకమ్మా తవ్వుతావు, ఎవరడిగారు?" అని ఆఫీసులో మా పై అధికారి మెల్లగా అన్నారు. అడిగినవాళ్లు ఉన్నారండీ అన్నాను. తప్పు నాదేనని నా పేరుతోనే సవరణ అచ్చువేయించాను. సిగ్గేసిందా అంటే వేసింది. నిద్ర మాత్రం బాగా పట్టింది. తప్పు ఒప్పేసుకున్నాను, ఇంక నా బాకీ తీరిపోయిందని ధైర్యం.

ఆ గీతను పెద్ద కాగితం మీద ప్రింటు తీసుకుని ఆ ఊరు వెళ్లాను. ఇంటివాళ్లతో పాటు ఇరుగుపొరుగునీ పిలవమన్నాను. అరుగు మీద కాగితం పరిచి, ఇదిగో శివరాత్రి నాడు పన్నెండూ నలభైకి వచ్చిన భూకంపం, ఈమె చెప్పింది అక్షరాలా నిజం అన్నాను. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు. పక్కింటి మనిషి "అమ్మో, నిజంగానే వచ్చిందే!" అని నోరు నొక్కుకుంది. మొగుడు తలెత్తలేదు.

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుని, "మాకు తెలవలేదే" అంది. "మేం ఇక్కడ లేం గదా తల్లీ. మాకెట్టా తెలుస్తది?" కోడలు చెయ్యి విడిపించుకోలేదు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా ఉద్యోగంలో ఇంత పనికొచ్చే పని ఇంకొకటి చేయలేదని, నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో కాస్త గర్వంగా కూడా అనిపించింది.

అందరూ వెళ్లాక ఆమె నాకు మజ్జిగ తెచ్చిచ్చి, కాగితం ముందు కూర్చుంది. గీత మీద వేలు పెట్టి చూసింది.

"ఇది ఇప్పుడు దొరికిందా మేడం?"

"లేదమ్మా. ఆ రోజు నుంచీ మా దగ్గరే ఉంది."

"మరి ఎవరూ చూళ్లేదా?"

అబద్ధం చెప్పొచ్చు. అచ్చులో ఒప్పుకున్నది ఆమె చదవదు.

"నేనే చూశాను. పేలుడనుకుని కొట్టేశాను."

ఆమెకు కోపం రాలేదు. కాగితం జాగ్రత్తగా మడిచి నా చేతికిచ్చింది.

"మా అత్తంటే ఆ రోజు ఊళ్లో లేదు మేడం" అంది. "మీకు కనపడింది గదా."